నలభై దాటిన చర్మాన్ని ఎలా చూసుకోవాలి: హైదరాబాదు ఎండకూ నీటికీ తగిన ఒక క్రమం

చదవడానికి కళ్ళజోడు అవసరమైన రోజున మనలో ఎవరూ దానిని దాచిపెట్టరు. చత్వారం వచ్చిందని నలుగురికీ చెప్పుకుని, కోఠీలోనో అబిడ్స్‌లోనో ఒక అద్దాల దుకాణానికి వెళ్ళి, జోడు చేయించుకుని వస్తారు. అదే వయసులో బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చినా, మోకాళ్ళ కింద చర్మం పొడిబారి గీతలు పడినా, మెడ మీద ముడత కనిపించినా మాత్రం ఏదో పోగొట్టుకున్నట్లు బాధపడి, చేతికందిన క్రీమునల్లా పూయడం మొదలుపెడతారు. చత్వారాన్ని ఒప్పుకున్నంత తేలికగా చర్మంలోని మార్పునూ ఒప్పుకుని, దానికి తగిన ఏర్పాటు చేసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఈ వరుస విషయంలో నాకొక పట్టింపు ఉంది. ముందు మానవలసినవి మానాలి, తరువాత ఉన్నదానిని కాపాడుకోవాలి, కొత్తగా చేర్చదలచినవి అన్నిటికంటే చివర రావాలి. చాలామంది దీనిని తలకిందులుగా చేసి, ఖరీదైన సీరం కొనుక్కుని, దాని కింద అదే పాత సబ్బునూ అదే పాత పీచునూ కొనసాగిస్తారు కాబట్టే ఫలితం కనిపించదు.

అసలు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఈ క్రమం ఎందుకో అర్థమవుతుంది. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే మాంసకృత్తు యౌవనం దాటినప్పటి నుంచే ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. స్త్రీలలో నెలసరి ఆగిపోయిన తరువాతి మొదటి అయిదేళ్ళలో ఈ తరుగుదల ఒక్కసారిగా వేగం పుంజుకుని, దాదాపు 30 శాతం కొలాజెన్ పోతుంది. మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ఉంటుంది కనుక, నలభై అయిదుకూ యాభై అయిదుకూ నడుమ చర్మం అకస్మాత్తుగా మారిపోయినట్లు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. పురుషులలో ఇదే మార్పు మెల్లగా, మెట్టు మెట్టుగా వస్తుంది. ఇద్దరిలోనూ నూనె గ్రంథుల పని మందగిస్తుంది, పైపొర తనను తాను కొత్తగా తయారుచేసుకోవడానికి మునుపటికంటే ఎక్కువ రోజులు పడుతుంది, చిన్న గీత పడినా మానడం ఆలస్యమవుతుంది. అందువల్ల పాతికేళ్ళ వయసులో చర్మం ఓర్చుకున్న మోటు చేష్టలను ఇప్పుడది ఓర్చుకోలేదు.

మొదటి పని: అల్మారా ఖాళీ చేయండి

ఒక ఆదివారం ఉదయం వెలుతురు బాగా పడే చోట కూర్చుని, ఇంట్లో ముఖానికీ ఒంటికీ తలకూ వాడుతున్న సీసాలు, ట్యూబులు, డబ్బాలు అన్నింటినీ ఒక పాత వార్తాపత్రిక మీద పరచండి. కళ్ళజోడు పెట్టుకుని, ట్యూబు తోక దగ్గర నొక్కి ముద్రించిన గడువు తేదీని ముందుగా చూడండి. ఆ తేదీ దాటినవన్నీ ఒక పక్కకు వెళ్ళిపోతాయి. తరువాత ప్రతి ట్యూబు వెనకా సన్నని అక్షరాలలో ఉండే మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ కలిసిన మందు. మచ్చలకు అమ్మే క్రీములలో అది తరచు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మరో రెండు మందులతో కలిపి ఒకే ట్యూబులో వస్తుంది.

ఈ ట్యూబులు మన ఇళ్ళలోకి వచ్చే దారి అందరికీ తెలిసినదే. మచ్చలకు ఏదైనా ఇవ్వమని మెడికల్ షాపులో అడిగితే, "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు మేడమ్" అంటూ ఒక ట్యూబు చేతిలో పెడతారు. చర్మం మీద పూసే అనేక స్టెరాయిడ్ మందులను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే వైద్యుడి చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా అమ్మకం ఆగలేదు. పూసిన మొదటి వారాలలో ముఖం తేటగా, నునుపుగా కనిపిస్తుంది కాబట్టి కొన్నవారు కూడా సంతోషిస్తారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, ఎర్రని సన్నని రక్తనాళాలు బయటికి తేలి, మొటిమలు వచ్చి, బుగ్గల మీద నూగు పెరిగి, ఎండలోకి వెళితే మంట పుట్టే స్థితి వస్తుంది. మానేసిన రెండు మూడు రోజులకే ముఖం ఎర్రబడి మండడంతో మళ్ళీ అదే పూస్తారు, ఆ విధంగా దానికి బందీలవుతారు. నెలల తరబడి వాడి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ట్యూబును వెంటబెట్టుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళితే, ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు.

తయారుచేసినవారి చిరునామా, పదార్థాల జాబితా, బ్యాచ్ సంఖ్య లేని తెల్లబరిచే క్రీములను మాత్రం వెంటనే పారేయండి. ఇటువంటి వాటిలో పాదరసం కలిసిన ఉదాహరణలు అనేకం బయటపడ్డాయి, పాదరసం చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వంటింటి వైద్యాలలో కూడా కొన్నింటికి సెలవు చెప్పాలి. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్లయి నల్లబడుతుంది. వంటసోడా, పళ్ళపేస్టు సంగతి చెప్పనే అక్కరలేదు. మెడ చుట్టూ వేలాడే పులిపిర్లకు సున్నమూ సోడా కలిపి పెట్టడం మన ఊళ్ళలో పాత అలవాటు. అది పులిపిరితోపాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కాల్చి, జీవితాంతం ఉండే మచ్చను మిగులుస్తుంది. ముల్తానీ మట్టి ఇప్పటికీ జిడ్డుగా ఉండే ముఖాలకు ఎప్పుడో ఒకసారి పనికి రావచ్చు గాని, పొడిబారిన ముఖానికి అది శత్రువు. సున్నిపిండిని నేను తప్పుపట్టను. మీగడతోనో పెరుగుతోనో కలిపి, రుద్దకుండా తడిచేత్తో మెల్లగా జార్చి కడిగితే సబ్బుకంటే అదే మేలు.

అన్నిటికంటే ముందు పారేయవలసినది నైలాన్ పీచు. ముంజేతుల వెలుపలి వైపు, వీపు పైభాగాన, మెడ ఎముకల మీద అలలు అలలుగా బూడిద నలుపు కనిపిస్తే చాలామంది మురికి అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. ఆ నలుపు రుద్దడం వల్లనే వస్తుంది. రుద్దడం ఆపితేనే, అదీ నెలల మీద, మెల్లగా తగ్గుతుంది.

రెండవ పని: స్నానాన్ని మార్చండి

మన నగరం గట్టి రాతి నేల మీద ఉంది, బోరు నీటిలో లవణాలు ఎక్కువ. బకెట్టు లోపల తెల్లని పొర కట్టడం, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, సబ్బు నురగ రాకపోవడం చూస్తూనే ఉంటారు. ఆ లవణాలు సబ్బుతో కలిసి జిగట పదార్థంగా మారి చర్మం మీద కూడా అలాగే నిలుస్తాయి, స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకే ఒళ్ళు బిగుసుకున్నట్లు అనిపించడానికి అదొక కారణం. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి జలమండలి ఇచ్చే నల్లా నీరు దీనికంటే మెత్తన. అపార్టుమెంటు సంపులో ఈ రెండూ కలిసిపోతే మీరు చేయగలిగింది తక్కువే గాని, ముఖం కడగడానికీ, స్నానం చివర ఒంటి మీద పోసుకోవడానికీ రెండు మూడు చెంబుల మంచినీటిని విడిగా పట్టి ఉంచుకోవచ్చు. కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు దుమ్మును ఆపుతాయేమో గాని నీటి కాఠిన్యాన్ని తీయవు, వాటికి డబ్బు తగలేయకండి.

నీరు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాలకు మించకూడదు. సబ్బు క్షార గుణం కలది, చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణం కలది. ఒంటికంతా సబ్బు పట్టించడం మాని చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే మడతలకే పరిమితం చేయండి. ముఖానికి నురగ తక్కువగా వచ్చే మృదువైన ఫేస్‌వాష్ రాత్రి ఒక్కసారి చాలు, ఉదయం నీటితో కడిగితే సరిపోతుంది. గడ్డం గీసుకునే సబ్బునే ముఖానికీ తలకూ వాడే పురుషులకు ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా తెలుస్తుంది.

స్నానం తరువాత తువ్వాలుతో అద్దుకోండి, రాపాడవద్దు. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాలలోపే, మాయిశ్చరైజర్ రాయాలి. అది నీటిని లోపలికి పంపే మందు కాదు, ఉన్న తడిని ఆవిరి కాకుండా ఆపే మూత కాబట్టి, పూర్తిగా ఆరిన చర్మం మీద రాస్తే సగం ప్రయోజనం పోతుంది. డబ్బా మీద గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలియం జెల్లీ అన్న పేర్లు ఉన్నాయో లేదో చూడండి, సువాసన తక్కువగా ఉన్నదే ఎంచుకోండి. ధర ముఖ్యం కాదు. ఒంటికి కొబ్బరి నూనె కూడా బాగానే పనిచేస్తుంది. ముఖం మీద మాత్రం మొటిమలు వచ్చే స్వభావం ఉన్నవారు దానిని వాడకూడదు. శేరిలింగంపల్లి, పటాన్‌చెరు వైపు ఉండేవారికి డిసెంబరు, జనవరి నెలలలో చలి నగరం నడిబొడ్డున కంటే ఎక్కువగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ రెండు నెలలు రాత్రి పడుకోబోయే ముందు కూడా ఒకసారి రాసుకోండి.

మడమల పగుళ్ళకు 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న క్రీము మంచి మందు. గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు పాదాలు ఉంచి, తుడిచి, క్రీము రాసి, నూలు మేజోళ్ళు వేసుకుని పడుకోవాలి. మధుమేహం ఉన్నవారు నీటి వేడిని పాదంతో కాక మోచేతితో చూసుకోవాలి, పగుళ్ళను బ్లేడుతో గీకకూడదు, రోజూ అరికాళ్ళను వెలుతురులో పరిశీలించుకోవాలి.

మూడవ పని: ఎండ

మిగతావన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి మానకండి. హైదరాబాదు కర్కట రేఖకు దిగువన ఉంది కనుక ఏడాదిలో రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల నడుమనే కాక, వాటికి ముందూ వెనకా కూడా చాలా నెలలు మన ఎండలో అతినీలలోహిత కిరణాల తీవ్రత అధికంగానే ఉంటుంది. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉందని అనుకుంటాం గాని, మబ్బును దాటి కూడా ఆ కిరణాలు గణనీయంగా వస్తాయి.

వీటిలో రెండు రకాలున్నాయి. యూవీబీ చర్మాన్ని కమిలిస్తుంది, దానిని కిటికీ అద్దం ఆపుతుంది. యూవీఏ లోతుకు దిగి కొలాజెన్‌ను తెంచుతుంది, ముడతలకూ బిగువు తగ్గడానికీ అదే ముఖ్య కారణం, అది మామూలు అద్దం గుండా వచ్చేస్తుంది. కారు ముందు అద్దం రెండు పొరలు అతికించి చేసినది కాబట్టి చాలావరకు ఆపుతుంది, పక్క అద్దాలకు ఆ గుణం తక్కువ. ఏళ్ళ తరబడి ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడిపేవారు అద్దం ముందు నిలబడి తమ కుడి బుగ్గను, కుడి ముంజేతిని ఎడమ వాటితో పోల్చి చూసుకుంటే సంగతి తెలుస్తుంది. గోధుమ, చామన ఛాయ చర్మాలకు మరో చిక్కు ఉంది. కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మంగు మచ్చలను ముదరబెడుతుంది. దానిని ఆపడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ కావాలి. మంగు ఉన్నవారు అడిగి అదే తీసుకోండి, ముఖం మీద తెల్లగా తేలే బాధ కూడా దానితో తప్పుతుంది.

సన్‌స్క్రీన్ మీద ఉండే ఎస్‌పీఎఫ్ అనే సంఖ్య యూవీబీ నుంచి అది ఎంత కాపాడుతుందో చెబుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది యూవీబీలో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. సంఖ్య ఇంకా పెద్దదైతే లాభం పెద్దగా పెరగదు. ఆ సంఖ్యకంటే ముఖ్యమైనది పరిమాణం. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన చాపి, మొదలు నుంచి కొస వరకు రెండు గీతలుగా పిండితే ముఖానికీ మెడకూ కావలసినంత వస్తుంది. దానిని నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం, చెవులు, మెడ వెనుక భాగం మీద చుక్కలుగా పెట్టి, రుద్దకుండా పరచాలి. బయలుదేరడానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు రాయాలి, ఆరుబయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. రోజూ వాడుతున్నామనే ఇంట్లో 50 గ్రాముల ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే రాస్తున్నది ఏ మూలకూ చాలడం లేదని అర్థం.

క్రీముకంటే బట్టను ఎక్కువ నమ్మండి. మన రోడ్ల మీద స్కూటీ నడిపే అమ్మాయిలు చున్నీని ముఖానికి చుట్టి, చేతులకు పొడుగు గ్లౌజులు తొడుక్కుని వెళ్ళడం చూసి నవ్వేవారున్నారు గాని, చర్మం విషయంలో వారి తెలివి నగరంలో మరెవరికీ లేదు. నలభై దాటినవారు, ముఖ్యంగా పొట్టిచేతుల చొక్కాతో బైకు నడిపే పురుషులు, ఆ పద్ధతినే అనుసరించాలి. గొడుగు పట్టుకోవడానికి వాన రానక్కరలేదు. ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు కూరగాయల బండి దాకా వెళ్ళినా నీడ పక్కగా నడవండి. ఇంత కాపుదల చేస్తే డి విటమిన్ మాటేమిటని అడగవచ్చు. ఎండలోనే బతికే మన జనంలో కూడా డి విటమిన్ లోపం విరివిగా ఉంది కనుక, ముఖాన్ని మాడ్చుకోవడం కంటే రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైతే వైద్యుడు చెప్పిన మోతాదులో మాత్రలు వాడడం నయం.

నాలుగవ పని: రాత్రికి ఒక్క మందు, ఇష్టమైతేనే

పై మూడు పనులూ రెండు మూడు నెలలు సాగిన తరువాత ఇంకా ఏదైనా చేయాలనిపిస్తే, ముడతలకూ మచ్చలకూ బలమైన ఆధారం ఉన్నది విటమిన్ ఎ కుటుంబానికి చెందిన రెటినాల్. తక్కువ గాఢతతో మొదలుపెట్టండి. బఠాణీ గింజంత తీసుకుని, ముఖం కడిగి పూర్తిగా ఆరిన తరువాత, కనురెప్పలకూ పెదవుల మూలలకూ తగలకుండా వారానికి రెండు రాత్రులు మాత్రమే రాయండి. దాని మీద మాయిశ్చరైజర్ రాయండి. మొదట్లో పొట్టు రేగడం, కొద్దిగా చురచురలాడడం మామూలే, ఎక్కువైతే కొన్నాళ్ళు ఆపి, చర్మం కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పగలు సన్‌స్క్రీన్ రాయని వారికి ఇది మేలుకంటే కీడే చేస్తుంది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు దీనిని వాడకూడదు. నెలసరి క్రమం తప్పినంత మాత్రాన ఆ అవకాశం పోయినట్లు కాదన్నది గుర్తుంచుకోండి. రెటినాల్ వాడే రోజులలో ముఖానికి వ్యాక్సింగ్ చేయిస్తే తోలు లేచివస్తుంది.

దీనికి తోడు విటమిన్ సి, నియాసినమైడ్, ఆమ్లాలు, రకరకాల సీరాలు అన్నీ ఒకేసారి చేర్చకండి. ఒకటి చేర్చి నెల ఆగితేనే ఏది పడిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

తలరంగు, బొట్టు

ఈ వయసులో హఠాత్తుగా నుదుటి అంచున, చెవుల వెనుక, మెడ చుట్టూ దురదా నలుపూ వస్తే ముందుగా తలరంగును అనుమానించాలి. నల్లరంగులలో ఎక్కువ భాగం పారా ఫినైలిన్ డయామిన్ అనే రసాయనంతో పనిచేస్తాయి. పదేళ్ళుగా పడిన రంగు పదకొండో ఏట పడకపోవచ్చు. కాలీ మెహందీ పేరుతో అమ్మే పొడులలో కూడా అదే ఉండే అవకాశం ఎక్కువ, అసలైన గోరింటాకు ఎర్రని రంగునే గాని నల్లని రంగునివ్వదు. కొత్త రంగు కొన్నప్పుడల్లా కొద్దిగా చెవి వెనుకనో మోచేతి మడతలోనో రాసి, 48 గంటలు చూసి, దద్దురు రాకపోతేనే తలకు వేసుకోండి. ఒకసారి పడలేదని తేలితే "తక్కువగా వేసుకుందాం" అనే బేరం పనికిరాదు, తరువాతిసారి ముఖమంతా వాచే ప్రమాదముంది. నెరిసిన జుట్టును నెరిసినట్లే వదిలేయడం ఇప్పుడు నగరంలో ఎవరికీ వింతగా లేదు, నా దృష్టిలో అది అన్నిటికంటే చవకైన చర్మ సంరక్షణ.

స్టిక్కరు బొట్టు పెట్టుకునే చోట తెల్లని మచ్చ మొదలైతే ఆ బొట్టును వెంటనే మానాలి. దాని జిగురులో ఉండే ఒక రసాయనం కొందరిలో చర్మపు రంగును తయారుచేసే కణాలను చంపుతుంది. రాత్రి పడుకునే ముందు బొట్టు తీసి అద్దానికి అంటించే అలవాటు ఎంతో మంచిది. ఉన్నవారు దానిని మానవద్దు.

కంచంలోనూ నిద్రలోనూ

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. మన కంచంలో అన్నం గుట్టలా, పప్పు పలచగా, పెరుగు మజ్జిగలా ఉంటే ఈ లెక్క అందదు. పప్పును గట్టిగా వండుకోవడం, ఒక గుడ్డు చేర్చడం, సాయంత్రం మిర్చిబజ్జీలకు బదులు ఉడికించిన శనగలో పల్లీలో తినడం, మాంసాహారులు చేపను వారానికి రెండుసార్లు తెచ్చుకోవడం వంటి చిన్న మార్పులతోనే అందుతుంది. కొలాజెన్ పొడుల ప్రకటనలకు తొందరపడకండి. ఆ పొడి కూడా కడుపులో మిగతా మాంసకృత్తుల లాగానే ముక్కలైపోతుంది గాని, నేరుగా వెళ్ళి బుగ్గల్లో కూర్చోదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది కొలాజెన్ పోగులకు అతుక్కుని వాటిని పెళుసుగా మారుస్తుంది కనుక, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, వాటితో ఉస్మానియా బిస్కెట్లు అన్న లెక్కను ఒకటికి దించడం సీరం కంటే లాభసాటి. నీళ్ళు దాహానికి తగినంత తాగండి. బిందెలు తాగినంత మాత్రాన ముఖం నిగనిగలాడదు.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని కల్పించే వ్యాయామం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దారిలోనో, ఇందిరా పార్కులోనో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల కిందనో ఉదయం ఏడు లోపు ముగించుకుంటే ఎండ సమస్య కూడా ఉండదు. పొగ తాగేవారికి చెప్పవలసింది ఒక్కటే: సిగరెట్టు మానకుండా మీరు కొనే ఏ క్రీమూ వృథాయే.

నిద్ర ఏడు గంటలు కావాలని అందరికీ తెలుసు. నెలసరి ఆగే దశలో ఉన్న స్త్రీలకు అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, చెమటతో జాకెట్టు తడిసిపోయి, మళ్ళీ నిద్ర పట్టకపోవడం అసలు ఇబ్బంది. పలచని నూలు బట్టలు, పడకకు దగ్గరగా ఫ్యాను, రాత్రి కారమూ కాఫీ తగ్గించడం కొంత ఉపశమనమిస్తాయి. అవి చాలకపోతే స్త్రీల వైద్యురాలిని కలవాలి, దీనికి చికిత్స ఉంది. భరించడం గొప్పతనమేమీ కాదు. అదే సందర్భంలో యోని పొడిబారడం, మంట, తరచు మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం గురించి కూడా నోరు తెరిచి చెప్పండి. అది కూడా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గడం వల్ల చర్మానికి వచ్చిన పొడిదనమే, పైపూత మందులతో చాలావరకు తగ్గుతుంది, కానీ అత్తగారికీ కోడలికీ కూడా చెప్పుకోలేక ఏళ్ళ తరబడి సహించేవారే మన ఇళ్ళలో ఎక్కువ. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు.

చర్మం చూపించే గుర్తులు, వైద్యుడి దగ్గరికి వెళ్ళే పద్ధతి

కొన్ని మార్పులకు క్రీము జవాబు కాదు. మెడ వెనుక, చంకలలో చర్మం మందంగా, మఖ్మల్ బట్టలా నల్లబడితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానించి చక్కెర పరీక్ష చేయించుకోవాలి. కనురెప్పల లోపలి మూలల దగ్గర పసుపు పచ్చని పొరలు కడితే కొలెస్టరాల్ చూపించుకోవాలి. ఒళ్ళంతా పొడిబారి, జుట్టు రాలి, బరువు పెరిగి, చలి ఓర్చుకోలేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. దద్దురు ఏమీ లేకుండానే వారాల తరబడి ఒళ్ళంతా దురదగా ఉంటే కాలేయం, మూత్రపిండాలు, చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠు లక్షణం కావచ్చు. దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తుంది, పూర్తిగా నయమవుతుంది. మన రంగు చర్మానికి చర్మ క్యాన్సర్ అరుదే గాని, నెల దాటినా మానని పుండునూ, ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చనూ, అరికాలిలోనో గోరు కిందనో కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్లని గీతనూ తేలికగా తీసుకోకూడదు. ఇందుకు భిన్నంగా బుగ్గల మీద, కళ్ళ కింద ఆవగింజలంత నల్లని బుడిపెలు వయసుతో వచ్చేవే, వాటి వల్ల హాని లేదు.

చక్కెర, రక్తపోటు పరీక్షలకు మీ బస్తీ దవాఖానాకు వెళ్ళవచ్చు, అక్కడ తీసిన రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలకు వెళ్ళి ఉచితంగా ఫలితాలు వస్తాయి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, రద్దీ ఉంటుంది కనుక పొద్దున్నే వెళ్ళాలి. ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళేవారు బోర్డు మీద వైద్యుడి పేరు పక్కన చర్మవ్యాధులలో పీజీ అర్హత ఉందో లేదో చూడండి. కాస్మెటాలజీ అన్న మాట ఒక్కటే ఉంటే సరిపోదు. లేజరు, పీలింగ్ వంటివి ముదురు రంగు చర్మం మీద అనుభవం లేని చేతుల్లో పడితే పోయిన మచ్చకు రెట్టింపు మచ్చ మిగులుతుంది. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీని మొదటి రోజే ఒప్పుకోవద్దు. ఇంట్లో పెళ్ళి ఉంటే, కొత్త ఫేషియల్ గాని పీలింగ్ గాని ముహూర్తానికి రెండు వారాల లోపు చేయించుకోకండి.

వెళ్ళే రోజున ముఖానికి పౌడరు, క్రీము ఏమీ రాయకుండా కడుక్కుని వెళ్ళండి. గోళ్ళ రంగు తీసేయండి, గోళ్ళు కూడా వైద్యుడు చూడవలసి రావచ్చు. మొదటి పనిలో పక్కన పెట్టిన ట్యూబులనూ తలరంగు పెట్టెనూ ఒక సంచిలో వేసుకుని, వాటితోపాటు మీరు వాడుతున్న మాత్రల చీటీలనూ తీసుకెళ్ళండి. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి మందులు ఎండకు చర్మం త్వరగా కమిలేలా చేస్తాయి, ఆ సంగతి చర్మవైద్యుడికి తెలియాలి. అలాగని రక్తపోటు మాత్రను మీ అంతట మీరు ఆపకండి, మార్చవలసి వస్తే ఆ మాత్ర రాసిన వైద్యుడే మారుస్తారు.